కొత్త బండి రంగుకు పొడిగుడ్డ గండం

శ్రోతలకు నమస్కారం.

కొత్త బొలెరో పికప్పో, టాటా ఏసో షోరూం నుంచి ఇంటి ముందుకు వస్తది. నలుగురూ చుట్టూ చేరుతారు. బానెట్ మీద సన్నటి దుమ్ము కనిపిస్తే ఎవరో ఒకరు భుజం మీద తువ్వాల తీసి ముద్దుగా తుడుస్తారు. ఆ బండికి పడే మొదటి గీత అదే. మన ఎండకు రంగు వెలిసిపోతదని అందరూ భయపడుతారు. నిజమే, ఎండకు వెలుస్తది, కానీ అందుకు ఏళ్లు పడుతది. తుడిచే చెయ్యి మాత్రం ఆర్నెల్లలోనే మెరుపు తీసేస్తది.

ఎందుకంటే ఆ రంగు మనం అనుకున్నంత మందం ఉండదు. ఇనుప రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దాని మీద ప్రైమర్, ఆ పైన రంగు, అన్నిటికంటే పైన అద్దం లాంటి క్లియర్ కోట్. అన్నీ కలిపినా సుమారు 100 నుంచి 120 మైక్రాన్లు, అంటే రమారమి ఒక జిరాక్స్ కాగితం మందం. అందులో మెరిసే క్లియర్ కోట్ 40 మైక్రాన్ల చుట్టుపక్కలే ఉంటది. చాలా సరుకు బళ్లకు, ముఖ్యంగా తెల్లరంగు వాటికి, ఆ క్లియర్ కోట్ కూడా ఉండదు, రంగే పైపొర. మీ బండి ఏ రకమో తెలుసుకోవాలంటే కనపడని మూలన, డోరు లోపలి అంచు మీద, కొంచెం పాలిష్ వేసి నల్లగుడ్డతో రుద్దండి. గుడ్డకు తెలుపు అంటితే మీ బండికి పైపొర లేనట్టే. కొన్ని పాలిష్‌లే తెల్లగా ఉంటాయి కాబట్టి, ఉత్త పాలిష్ ఆరినప్పుడు ఎలా ఉంటదో నల్లగుడ్డ మీద వేరేగా చూసి పోల్చుకోండి.

ఇక దుమ్ము సంగతి. మిర్యాలగూడ మిల్లుల దిక్కు తిరిగే బళ్ల మీద పడేది మామూలు మట్టి కాదు, ఊక బూడిద. వడ్ల ఊక కాలితే మిగిలే బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే. అంటే ఇసుకలో ఉండే సరుకే. దాన్ని పొడిగుడ్డతో తుడవడమూ, గరుకు కాగితంతో రుద్దడమూ ఒకటే. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి సిమెంటు దారుల్లో తిరిగే బండికి ఇంకో తిప్పలు ఉంది. సిమెంటు దుమ్ము పొడిగా ఉన్నంతసేపు మామూలు దుమ్మే. మంచు పడ్డా, చిన్న చినుకు పడ్డా గట్టిపడుతది, దాని సున్నపు గుణం రంగును తింటది. అందుకే సిమెంటు దుమ్ము మీద తడిగుడ్డ పెట్టొద్దు. మొదట గాలి పైపుతో ఊదాలె, ఆ తర్వాత చెయ్యి పెట్టకుండా ధారగా నీళ్లు వదలాలె. అప్పటికే గట్టిపడి ఉంటే కిరాణం కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌ను అంతే కొలత నీళ్లలో కలిపి గుడ్డ తడిపి రెండు నిమిషాలు కప్పి ఉంచండి, మెత్తబడ్డాక కడిగేయండి. గోటితో గీకొద్దు. వెనిగర్‌ను ఎండలో ఆరనివ్వొద్దు.

కడగడం పొద్దున ఎనిమిదిలోపు గానీ, పొద్దు వాలినంక గానీ పెట్టుకోండి. బానెట్ మీద అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించలేకపోతున్నారంటే ఆ రేకు మీద ఇంకా ఏ పనీ చేయొద్దు. సబ్బునీళ్లు తుడిచేలోపే ఆరి మరక కడతాయి. రెండు బకెట్లు కావాలె, ఒక్కోటి 15 లీటర్లది. ఒకదాంట్లో కారు షాంపూ, డబ్బా మీద రాసిన కొలత ప్రకారం. రెండో దాంట్లో ఉత్త నీళ్లు. గుడ్డను షాంపూలో ముంచి ఒక పలక, అంటే ఒక డోరో బానెట్టో, తుడిచి, ఉత్త నీళ్ల బకెట్లో పిండి, అప్పుడే మళ్లీ షాంపూలో ముంచండి. మట్టి అంతా రెండో బకెట్లోనే మిగులుతది. ఒక్క బకెట్‌తో కడిగితే మొదటి పలక మీద తీసిన ఇసుకనే ఆఖరి పలకకు రుద్దుతున్నట్టు. కప్పు మీద మొదలుపెట్టి కిందికి రండి. బంపర్లు, చక్రాలు ఆఖరుకు, వాటికి వేరే గుడ్డ. గుండ్రంగా తిప్పకుండా ముందు నుంచి వెనక్కి తిన్నగా తుడవండి. గుండ్రటి గీతలే ఎండలో సాలెగూడులా కనపడేవి.

గుడ్డ మాట వచ్చింది కాబట్టి. పాత లుంగీ, బనియన్, తువ్వాల ఇవేవీ వద్దు. వాటి కుట్లు, అంచులు గీతలు పెడతాయి. మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు కొనుక్కోండి, అట్టముక్క లేబుల్ కత్తిరించి పారేయండి. ఇవి ఉతికేటప్పుడు ఇంటి నూలు బట్టలతో కలపొద్దు, మెత్తదనం కోసం వేసే సుగంధపు ద్రవం అసలే వద్దు, ఆ గుడ్డ ఇక నీళ్లు పీల్చదు. నేల మీద పడ్డ గుడ్డను మళ్లీ ఉతికేదాకా రంగుకు తాకించొద్దు. బట్టల సబ్బు పొడి, సోడా రంగు మీద రక్షణకు వేసే మైనపు పొరను కడిగేస్తాయి. డీజిల్ గుడ్డతో తుడిస్తే తళతళలాడుతదని చెప్పే డ్రైవర్లు చాలామందే ఉన్నారు. ఆ తళతళ ఒక్కపూటే. సాయంత్రానికి దాని మీద దుమ్ము జిడ్డుగా అతుక్కుంటది, రబ్బరు అంచులు ఉబ్బుతాయి. తారు చుక్కలు అంటితే మాత్రం చిన్న గుడ్డ ముక్కకు ఒకింత డీజిల్ అద్ది, ఆ చుక్క మేరకే తుడిచి, వెంటనే షాంపూతో కడిగేయండి. అంతవరకే దాని పని.

వాటర్ సర్వీసింగుకు పంపేవాళ్లు రెండు మాటలు చెప్పి పంపండి. ప్రెషర్ గన్ రంగుకు అడుగున్నర దూరంలో ఉండాలె, స్టిక్కర్ల అంచుల మీద నేరుగా కొట్టొద్దు. ఛాసిస్ కింద డీజిల్ చల్లొద్దు, రబ్బరు బుష్షులు పాడవుతాయి.

మన నల్లగొండ దిక్కు బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తది. బండికి దాంతో పేచీ లేదు. పేచీ అంతా నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతోనే. చుక్క ఆరిన చోట తెల్ల వలయం మిగులుతది, ఎండలో కాలి కాలి అది రంగులోకి దిగుతది. కాబట్టి బోరు నీళ్లతో కడిగినా ఆఖరి కడుగుడు ప్లాంటు నుంచి తెచ్చిన 20 లీటర్ల క్యాన్ నీళ్లతో గానీ, పట్టి ఉంచిన వాననీళ్లతో గానీ చేయండి. మందు కొట్టే పంపు కొత్తది ఉంటే దాంట్లో పోసి చల్లితే పికప్ క్యాబిన్‌కు ఒక్క క్యాన్ సరిపోతది. ఇప్పటికే గడ్డిమందు కొట్టిన పంపు వాడొద్దు. తర్వాత గుడ్డను రుద్దకుండా పలక మీద పరిచి నెమ్మదిగా లాగండి.

కడిగి ఆరినాక ఒక పరీక్ష. పలచటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కొని రంగు మీద వేళ్లు జార్చండి. కొత్త బండి గదా అద్దంలా ఉంటదని అనుకుంటాం, చాలాసార్లు గరగరలాడుతది. యార్డులో నెలల తరబడి నిలబడినప్పుడు, దారిలో వచ్చినప్పుడు ఇనుప రజను, చిన్న మలినాలు పొరలో గుచ్చుకొని ఉంటాయి. దానికి క్లే బార్ అని బంకమట్టి ముద్ద లాంటిది దొరుకుతది. రెండడుగుల పలకను షాంపూ నీళ్లతో బాగా తడిపి, ముద్దను చదునుగా చేసి, ఒత్తకుండా జార్చండి. శబ్దం ఆగిపోయిందంటే శుభ్రమైనట్టు. ముద్ద మురికైతే మడిచి కొత్త వైపు తిప్పండి. కిందపడితే మాత్రం పారేయాల్సిందే, మనసు రాకపోయినా సరే.

ఇప్పుడు రక్షణ పొర. ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలె. కంపెనీలో వేసిన రంగును సుమారు 140 డిగ్రీల వేడి గదిలో కాలుస్తారు. అది పూర్తిగా గట్టిపడే వస్తది, మైనం మొదటి రోజే వేయొచ్చు. బాడీ షెడ్డులో కట్టించిన లోడు బాడీ అట్ల కాదు. అక్కడ గాలికి ఆరిన రంగులోంచి థిన్నర్ వారాల తరబడి బయటికి పోతనే ఉంటది. రెండు మూడు నెలలు ఆగకుండా దాని మీద పొర వేస్తే ఆవిరి లోపలే చిక్కి రంగు మెత్తగా, మసకగా మిగులుతది. ఒకే బండికి క్యాబిన్‌కు ఒక లెక్క, బాడీకి ఇంకో లెక్క.

కార్నూబా అనే చెట్టు మైనం మన ఎండలకు నెలా నెలన్నరకే అరిగిపోతది. మైనానికి బదులు రసాయనాలతో చేసే సింథటిక్ సీలెంట్ నాలుగైదు నెలలు నిలుస్తది. ఇంట్లో చేసుకునేవాళ్లకు ఇదే మంచిది. క్యాబిన్‌కు 30 మిల్లీలీటర్లు మించి అక్కర లేదు. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటదనుకోవడం భ్రమ, మిగిలింది గుడ్డకే పోతది. స్పాంజికి రెండు మూడు చుక్కలు వేసి పలచగా పూసి, వేలితో గీసి చూడండి. గీసిన చోట అద్దంలా తేటపడితే తుడిచే వేళ అయినట్టు. నల్ల ప్లాస్టిక్ బంపర్లకు ముందే మాస్కింగ్ టేపు అంటించండి, మైనం తగిలితే తెల్లగా పట్టుకొని వదలదు. గాజు లాంటి గట్టి పొర వేసే సిరామిక్ కోటింగ్ కిట్లు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. మార్చి నుంచి జూన్ దాకా రేకుల షెడ్డు కింద వాటి జోలికి పోకపోవడమే మేలు. వేడికి పూసిన నిమిషంలోనే బిగుసుకొని ముదురు మచ్చలుగా నిలుస్తది, ఆ మచ్చను మళ్లీ పాలిష్ పట్టి తీయాల్సిందే. చలికాలం పొద్దున వేసుకుంటే ఒక రోజంతా నీళ్లు తగలనివ్వొద్దు, వారం దాకా షాంపూ వాడొద్దు. ఏ కోటింగూ రాయి దెబ్బను ఆపదు. దానికి బానెట్ ముందంచుకు రంగును కాపాడే పారదర్శక ఫిల్మ్ వేయించుకోవాలె.

బండి రంగు మీద కొడుకు పేరో, దేవుడి పేరో స్టిక్కర్ కొట్టించాలనుకుంటే పొర వేయకముందే కొట్టించండి. మైనం మీద స్టిక్కర్ నిలవదు.

దసరాకు ఆయుధ పూజ ఎలాగూ తప్పదు. పసుపు, కుంకుమ తెల్లరంగు మీద మరక పెడతాయి. మైనం పొర ఉన్న చోట బొట్టు పెట్టి, పొద్దుగూకేలోపు తడిగుడ్డతో అద్దేయండి. పసుపు మరక ఎండకు కొంత వెలుస్తది, కుంకుమలోని రంగు మాత్రం మొండిది. బంతిపూల దండను ఇనుప తీగతో కాకుండా దారంతో కట్టండి, బండి నడిచినంతసేపూ ఆ తీగ రంగును గీస్తనే ఉంటది.

వేప, చింత చెట్ల నీడన ఆపితే పిట్టల రెట్ట తప్పదు. వేసవిలో రంగు వేడికి వదులై ఉంటది, రెట్ట దాని మీదే ఎండి గట్టిపడుతది, చల్లబడ్డాక బిగుసుకునే పైపొర ఆ రెట్ట ఆకారానికే అచ్చుపడుతది. పూటలోపే తీయాలె. తడిగుడ్డ ఐదు నిమిషాలు కప్పి నానబెట్టి ఎత్తేయండి.

లోడు ఎత్తే తొట్టిలో పని వేరు. బత్తాయి బుట్టలకు పెద్ద ఇబ్బంది లేదు. ఎరువుల బస్తాలు, అందులో పొటాష్, చిరిగి తడిస్తే ఇనుమును తింటాయి. ఆ రోజే నీళ్లు కొట్టండి. కింద రబ్బరు మ్యాట్ వేస్తే వారానికోసారి ఎత్తి ఆరబెట్టండి, లేకుంటే మ్యాటే తుప్పుకు ఇల్లవుతది. నీళ్లు పోయే రంధ్రాల్లో తాలు, గడ్డి ఇరుక్కుంటది, పుల్లతో తీయండి. పట్టా కట్టే తాడు రాసుకునే అంచుల మీద పాత ట్యూబు ముక్కలు కోసి పెట్టండి. తాడు దాని మీదే అరుగుతది, రంగు మీద కాదు.

జాతీయ రహదారుల మీద నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా, జడ్చర్ల నుంచి పెబ్బేరు దాకా తిరిగే బళ్లకు రాయి దెబ్బలు మామూలే. ఇనుము తెల్లగా కనిపించినప్పుడే పట్టించుకోవాలె, ఎర్రబడ్డాక కాదు. బండి వివరాలుండే ప్లేటు మీద రంగు కోడ్ ఉంటది, ఆ కోడ్ టచప్ సీసా తెచ్చుకోండి. దెబ్బ తగిలిన చోట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది ఆరనిచ్చి, అగ్గిపుల్ల మొనతో ఒక చుక్క పెట్టండి. బ్రష్‌తో పూస్తే చుట్టూ మచ్చ అవుతది. గంట ఆగి రెండో చుక్క, అవసరమైతే మూడోది. చుక్క చుట్టూ ఉన్న రంగుతో సమానమయ్యేదాకా పోసి, మైనం మాత్రం నెల రోజులు ఆగి వేయండి.

నమస్కారం.