మూడు పెడల్స్ కొన్నాను, కందిరీగలు పోలేదు

[స్క్రీన్ నల్లగా ఉంటుంది. గిటార్ మీద రెండు మూడు తీగలు కలిపి మీటిన ఒక్క పవర్ కార్డ్. చెవుల్లో గుచ్చుకునే శబ్దం.]

విన్నారుగా? రేకు డబ్బాలో కందిరీగలు పడ్డట్టు లేదూ? అది నా గిటారే, నా డిస్టార్షన్ పెడలే, అంటే కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చే డబ్బా. రాత్రి పదింటికి అపార్ట్‌మెంట్‌లో ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి స్పీకర్‌లో వినిపించే పెట్టె) పెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు కాబట్టి పెడల్ నుంచి వైరు తిన్నగా సౌండ్ కార్డులోకి, అక్కణ్నుంచి హెడ్‌ఫోన్స్‌లోకి ఇచ్చాను. పెడల్ బాగాలేదనుకుని ఇంకోటి కొన్నాను. అదీ అంతే. మూడోదీ కొన్నాను. డబ్బా రంగు మారింది, కందిరీగలు మాత్రం అవే.

తప్పెక్కడుందో తర్వాత చెప్తాను. ముందు ఈ డబ్బా విప్పుదాం.

[టేబుల్ మీద నారింజ రంగు పెడల్. అడుగున నాలుగు స్క్రూలు విప్పుతున్న చెయ్యి.]

ఇది బాస్ కంపెనీ డీఎస్-1. 1978లో వచ్చింది. నా దగ్గరున్నది పాత తరహా బోర్డు కాబట్టి భాగాలు కంటికి కనిపిస్తాయి. ఇప్పటి చాలా పెడల్స్‌లో అవి ఆవగింజంత కూడా ఉండవు.

[కెమెరా బాగా దగ్గరికి.]

ఇదిగో, ఈ రెండు చిన్న గాజు ముక్కలు చూడండి. సిలికాన్ డయోడ్లు, అంటే కరెంటును ఒకవైపే వదిలే భాగాలు. ఒకదాని పట్టీ ఇటు, ఇంకోదాని పట్టీ అటు. రెండూ కలిపి పది రూపాయలు కూడా చెయ్యవు. డిస్టార్షన్ పుట్టేది ప్రధానంగా ఇక్కడే.

తీగల కింద ఉండి వాటి కదలికను కరెంటుగా మార్చే గిటార్ పికప్ ఇచ్చే సిగ్నల్ చాలా చిన్నది, వోల్టులో పదో వంతు అటూ ఇటూ. పెడల్ ముందు దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. పెరిగిన సిగ్నల్ సుమారు 0.6 వోల్టులు దాటగానే డయోడ్ తెరుచుకుని ఆ మిగులును గ్రౌండ్‌లోకి వదిలేస్తుంది. ఒక డయోడ్ అల పైభాగాన్ని కోస్తే, రెండోది కింది భాగాన్ని కోస్తుంది. కోసిన అంచుల్లోంచి కొత్త హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి పైన ఉండే అదనపు స్వరాలు, పుడతాయి. మనకు వినిపించే గరుకుదనం అదే. ఇంకో సంగతి: గట్టిగా మీటిన మొదటి దెబ్బా, తర్వాత సన్నగిల్లే తోకా దాదాపు ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. నోట్ అంతసేపు నిలబడడానికి కారణం అదే.

అదే డయోడ్లను గ్రౌండ్ దగ్గర కాకుండా, సిగ్నల్‌ను పెంచే చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే బయటికొచ్చిన సిగ్నల్ మళ్లీ వెనక్కి వెళ్లే దారిలో, పెడితే కోత మెత్తబడుతుంది. ఐబనెజ్ కంపెనీ ట్యూబ్ స్క్రీమర్ పెడల్ చేసేది అదే. ఈ మెత్తని రకాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు, అన్నిటికన్నా మొరటు రకాన్ని ఫజ్ అంటారు. గుమ్మం పొట్టిది, మనిషి పొడుగు అనుకోండి. వంగి దూరితే ఓవర్‌డ్రైవ్. తల కొట్టుకుంటే డిస్టార్షన్. ఫజ్ అయితే ఆ కొట్టుకోవడంలో గుమ్మం కూడా ఊడొస్తుంది!

[పాత రికార్డింగ్ కన్సోల్ (స్టూడియోలో శబ్దాలను కలిపే బల్ల) బొమ్మ.]

ఫజ్ పెడల్ పుట్టిందే ఒక చెడిపోయిన సామాను వల్ల. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట రికార్డింగ్. అది 1961లో విడుదలైంది. గ్రేడీ మార్టిన్ వాయిస్తుంటే కన్సోల్‌లో ఒక ఛానెల్ చెడిపోయి శబ్దం బొంగురుపోయింది. దాన్నలాగే ఉంచేశారు. ఆ మోత కావాలని జనం అడగడంతో ఇంజనీర్ గ్లెన్ స్నాడీ అదే శబ్దం ఇచ్చే చిన్న సర్క్యూట్ కట్టారు. గిటార్ల కంపెనీ గిబ్సన్ దాన్ని 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాడాక గానీ అసలు గిరాకీ రాలేదు.

ఇక మార్కెట్ సంగతి. ఇన్ని వందల పెడల్స్‌లో ఏది కొనాలని టెన్షన్ పడేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: వీటిలో చాలా వాటి పేర్లు వేరు, ఇంటిపేరు ఒకటే. ట్యూబ్ స్క్రీమర్, రాట్, బిగ్ మఫ్ లాంటి నాలుగైదు వంశాల మనవలూ మునిమనవలే ఎక్కువ. ఇది ఇప్పటి రోగం కూడా కాదు. 1970లలోనే ఎంఎక్స్ఆర్ డిస్టార్షన్ ప్లస్, డీఓడీ 250 దాదాపు ఒకే సర్క్యూట్. ప్రధాన తేడా ఏంటంటే ఒకదాంట్లో జెర్మేనియం డయోడ్లు, ఇంకోదాంట్లో సిలికాన్.

కాపీ భయంతోనే బిల్ ఫినెగన్ 1990లలో తను చేసిన క్లాన్ సెంటార్ పెడల్ బోర్డు మీద నల్లటి ఎపాక్సీ (గట్టిపడే జిగురు) పోసేశారు. ఆగిందా? జనం దాన్ని గీకి మరీ చూశారు. ఇప్పుడు దాని నకళ్లు లెక్కలేనన్ని. అసలుది సెకండ్‌హ్యాండ్‌లో వేల డాలర్లు పలుకుతోంది. ఆయనకే చిరాకేసిందేమో, తర్వాత తెచ్చిన కేటీఆర్ పెడల్ మీద ఈ వెర్రి హడావుడికి కారణం నేను కాదు అనే అర్థం వచ్చే వాక్యం అచ్చువేయించారు. (కేటీఆర్ అంటే మన కేటీఆర్ కాదు లెండి.)

[మళ్లీ హెడ్‌ఫోన్స్, సౌండ్ కార్డ్.]

సరే, నా కందిరీగలు. పెడల్‌కు ఏ రోగమూ లేదు. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. డయోడ్లు పుట్టించే గీకుడంతా అక్కడే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్ ఏదీ ఆపవు, ఉన్నదున్నట్టు చెవిలో పోస్తాయి. డిస్టార్షన్ పెడల్ చేసినవాళ్లు చివర్లో ఆ స్పీకర్ ఉంటుందనే నమ్మకంతో చేశారు.

ప్రీఆంప్ పెడల్ పనికొచ్చేది ఇక్కడ. అది ఆంప్‌లోని మొదటి సగాన్ని, అంటే గెయిన్, టోన్ భాగాన్ని, పెట్టెలో పెట్టి ఇస్తుంది. కొన్నిటిలో స్పీకర్ నకలు కూడా ఉంటుంది. 1989లో టెక్ 21 తెచ్చిన శాన్స్‌ఆంప్ తిన్నగా మిక్సర్‌లోకి పెట్టుకునేలా చేసిందే. కొనేముందు ఆ నకలు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే మళ్లీ కందిరీగలే. నిజమైన ఆంప్‌కు పెట్టేటప్పుడు ముందున్న ఇన్‌పుట్‌లో కాదు, వెనక ఎఫెక్ట్స్ రిటర్న్‌లో (ఆంప్ సొంత ప్రీఆంప్‌ను దాటేసి లోపలికెళ్లే సాకెట్) పెట్టండి. ముందు పెడితే ప్రీఆంప్ మీద ప్రీఆంప్ ఎక్కి శబ్దం బురదైపోతుంది.

నేనైతే అదీ కొనలేదు. కంప్యూటర్‌లో ఒక ఉచిత స్పీకర్ ఇంపల్స్ రెస్పాన్స్ ఫైల్, అంటే స్పీకర్ శబ్దాన్ని మార్చే తీరును పట్టి ఉంచిన ఫైల్, వేశాను. అదే గిటార్, అదే మొదటి పెడల్, నాబ్ ఒక్కటీ కదపలేదు.

[అదే పవర్ కార్డ్. ఈసారి నిండుగా, బరువుగా. పూర్తిగా తగ్గేదాకా వినిపించాలి.]

మిగతా రెండు పెడల్స్ అమ్మకానికి పెట్టాను. ఒకటి పోయింది.