రాడార్ కోసం ఎమ్‌ఐటీ తనను తాను మలచుకున్న తీరు

[తెరపై: చార్లెస్ నది, ఆవలి ఒడ్డున బోస్టన్ నగరం]

1941 జనవరి తొలి రోజుల్లో, అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎమ్‌ఐటీ) భవనం పైకప్పు మీద కట్టిన ఒక చెక్క గదిలోని రాడార్, నదికి ఆవల ఉన్న బోస్టన్ కట్టడాలను తాకి తిరిగివచ్చిన సంకేతాన్ని అందుకుంది. మూడు నెలల ముందు ఆ రాడార్‌ను తయారుచేసిన ప్రయోగశాల లేనే లేదు. అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగడానికి ఇంకా దాదాపు ఏడాది ఉంది.

[తెరపై: కేవిటీ మాగ్నెట్రాన్ చిత్రం]

ఈ తొందరకు కారణం, 1940 సెప్టెంబరులో బ్రిటిష్ శాస్త్రవేత్తల బృందం రహస్యంగా అమెరికాకు తెచ్చిన కేవిటీ మాగ్నెట్రాన్. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జాన్ రాండల్, హ్యారీ బూట్ రూపొందించిన ఈ చిన్న పరికరం, సుమారు 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల సూక్ష్మతరంగాలను అంతకు ముందెన్నడూ సాధ్యం కానంత శక్తితో పుట్టించగలిగింది. తరంగం పొట్టిదైన కొద్దీ యాంటెన్నా చిన్నదవుతుంది కాబట్టి, విమానంలో ఇమిడిపోయే రాడార్ అప్పుడు అందుబాటులోకి వచ్చింది.

అయితే ఆ పరికరం నుంచి సైనికులు వాడగల యంత్రం వరకు ఉన్న దూరాన్ని దాటించినది, నా దృష్టిలో, సంస్థాగతమైన ఏర్పాటే. ఇంజనీరు వానెవర్ బుష్ నాయకత్వంలోని అమెరికా జాతీయ రక్షణ పరిశోధన సంఘం సొంతంగా ప్రయోగశాలలు కట్టడానికి బదులు విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు చేసుకుంది. ఆ ఒప్పందాల ప్రకారం ప్రభుత్వం పరిశోధన ఖర్చుతో పాటు భవనాల నిర్వహణ, కార్యాలయ నిర్వహణ వంటి పరోక్ష వ్యయాలలో కూడా వాటా భరించేది. విశ్వవిద్యాలయానికి లాభమూ ఉండేది కాదు, నష్టమూ ఉండేది కాదు. వినడానికి గుమాస్తా లెక్కలా ఉన్న ఈ నియమమే, సైనిక అవసరం కోసం ఒక విద్యాసంస్థ తన ఖజానాను పణంగా పెట్టకుండా తలుపులు తెరవడానికి వీలు కల్పించింది.

ఎమ్‌ఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ స్థలమూ, పరిపాలనా వ్యవస్థా సమకూర్చారు. ప్రయోగశాల సారథ్యం మాత్రం తమ ఆచార్యులలో ఒకరికి కాక, రోచెస్టర్ విశ్వవిద్యాలయపు భౌతిక శాస్త్రవేత్త లీ డుబ్రిడ్జ్‌కు దక్కింది. కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి ఇసిడోర్ రాబీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి లూయిస్ అల్వారెజ్ వంటి భౌతిక శాస్త్రవేత్తలు వచ్చారు. అసలు పని బయటపడకుండా ఉండటానికి, అది అణు భౌతిక పరిశోధన అనిపించేలా 'రేడియేషన్ లాబొరేటరీ' అని పేరు పెట్టారు.

[తెరపై: మూడంతస్తుల చెక్క భవనం, పొడవైన నడవాలు]

తొలినాళ్ళలో కొద్దిమంది ఉన్న ఆ బృందం 1945 నాటికి దాదాపు నాలుగు వేల మందికి చేరింది. 1943లో ఉక్కు కొరత వల్ల ప్రధానంగా చెక్కతో ఇరవయ్యో నంబరు భవనాన్ని హడావిడిగా కట్టారు. మరోవైపు, క్షేత్రంలో ఈ యంత్రాలను నడపవలసిన సైన్య, నౌకాదళ అధికారుల కోసం ఎమ్‌ఐటీ ఒక రాడార్ పాఠశాలను నడిపింది. యంత్రాన్ని తయారుచేయడంతోనే బాధ్యత తీరిందని అనుకోకుండా, దాన్ని వాడే మనిషిని కూడా సిద్ధం చేయడం ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే గౌరవనీయంగా కనిపిస్తుంది.

జలాంతర్గాములను వెతికే విమాన రాడార్లు, దూర నౌకాయానానికి రేడియో సంకేతాలతో దారి చూపే లోరాన్ వ్యవస్థ ఇక్కడే రూపుదిద్దుకున్నాయి. విమాన విధ్వంసక ఫిరంగులను గురిపెట్టే ఎస్‌సీఆర్-584 రాడార్, లక్ష్యం దగ్గర పడగానే పేలే ఫ్యూజులతో కలిసి, 1944 వేసవిలో ఇంగ్లండు మీదికి వచ్చిన, పైలట్ లేకుండా ఎగిరే జర్మన్ వి-1 బాంబులను కూల్చడంలో కీలకమైంది. ఆ ఫ్యూజులు జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాల కృషి ఫలితం కావడం గమనించదగిన విషయం.

[తెరపై: గ్రంథాల వరుస]

1945 డిసెంబరు 31న ప్రయోగశాలను మూసివేశారు. కొందరు మాత్రం ఆ తరువాత కూడా ఉండిపోయి, రహస్యంగా నేర్చుకున్న సూక్ష్మతరంగ విజ్ఞానాన్ని 28 సంపుటాలుగా రాసి, ఏ విద్యార్థి అయినా చదువుకునేలా బహిరంగంగా ప్రచురింపజేశారు. యుద్ధం ముగిశాక కూల్చేద్దామని కట్టిన ఆ చెక్క భవనం 1998 దాకా తరగతులకు, పరిశోధనలకు ఆశ్రయమిస్తూనే నిలిచింది.