వరి కోసిన మాగాణిలో మినుము

శ్రోతలకు నమస్కారం.

మా ఊరు తెనాలి దగ్గర. నా చిన్నతనంలో, వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నాన్న మినుములు గంపలో పోసుకుని పండిన పైరులోకే దిగి చల్లేవారు. "ఇంకా వరి కొయ్యలేదుగా నాన్నా?" అని అడిగితే, "పదును ఆరకముందే గింజ నేలమీద పడాలమ్మా, తర్వాత మనం చేసేదేం లేదు" అన్నారు. నిజంగానే పెద్దగా ఏమీ ఉండేది కాదు. దుక్కి లేదు, కాలవ నీళ్లు లేవు. వరి వదిలిన తేమతో, రాత్రిపూట కురిసే మంచుతో 70, 80 రోజుల్లో మినుము ఇంటికొచ్చేది.

సుస్థిర వ్యవసాయం, పోషకాహారం అనే మాటలు ఈమధ్య తరచుగా వింటున్నాం. మన కృష్ణా డెల్టాలో ఈ రెండూ కలిసేది ఆ మినుము చేలోనే అని నా నమ్మకం.

మనది అన్నపూర్ణ అని గర్వంగా చెప్పుకుంటాం. కానీ 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పిందో వినండి. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అయిదేళ్లలోపు పిల్లల్లో అది 63.2 శాతం. ఆ పిల్లల్లోనే 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఇన్ని బస్తాలు పండే చోట పిల్లలకు రక్తం చాలడం లేదంటే ఎలా?

ఇలా ఎందుకైందో చూడాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అరవైల్లో దేశానికి తిండిగింజలే కరువు. 1965లో భారత ఆహార సంస్థ వచ్చింది, మద్దతు ధరల ఏర్పాటు మొదలైంది. ధర ఉండి, కొనే నాథుడు ఉన్నది వరికీ గోధుమకీ. రైతు అవే పండించాడు. ఆకలి తీరింది. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ పప్పుధాన్యాలకు అంత అండ దొరకలేదు. రేషన్ షాపులో ఏ నెలా తప్పకుండా దొరికేదీ బియ్యమే.

100 గ్రాముల తెల్ల బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాముల లోపే. అంతే మినప్పప్పులో 20 గ్రాములు దాటి ఉంటాయి. పైగా మాంసకృత్తుల్లో భాగాలైన వాటిలో, బియ్యంలో తక్కువయ్యే లైసిన్ పప్పులో బాగా ఉంటుంది, పప్పులో తక్కువయ్యే మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మన ఇడ్లీ ఆ జోడీయే. ఈడొచ్చిన పిల్లకు, బాలింతకు సున్నుండలు పెట్టిన అమ్మమ్మలకు ఈ పేర్లేవీ తెలియవు, పని మాత్రం తెలుసు. పప్పులోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టాలంటే పక్కన నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలి. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుము అంతగా పట్టదు.

ఇక నేల సంగతి. మినుము మొక్కను జాగ్రత్తగా పీకి చూడండి, వేళ్లకు చిన్న బుడిపెలు కనిపిస్తాయి. వాటిలో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. ఆ వేళ్లూ రాలిన ఆకులూ కుళ్లితే నేలకూ కొంత మిగులుతుంది. మనం యూరియా బస్తా కోసం క్యూలో నిలబడేదీ ఆ నత్రజని కోసమే.

ఇంత మంచి పంటను మరి మా ఊళ్లో చాలామంది ఎందుకు వదిలేశారు? రైతుకు తెలియకపోవడం వల్ల కాదు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులుతో చేలకు చేలే పచ్చబడిపోయాయి. బంగారు తీగ అనే కలుపు అల్లుకుంటే మొక్క బతకదు. కాలవ నీళ్లు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, కోతలు ఆలస్యం, మినుముకు అదను దాటిపోతుంది. కోతకూలీలు దొరక్క మిషన్ వచ్చింది. దాని చక్రాల కింద చల్లిన మినుము నలిగిపోతుంది. ఆ సమయంలో మొక్కజొన్న వచ్చింది. దుక్కి లేకుండానే వేయొచ్చు, దిగుబడి బాగుంటుంది. నాలుగైదు తడులు పెట్టాలి, ఎరువు దండిగా వెయ్యాలి, పండింది ఎక్కువగా కోళ్ల దాణాకు పోతుంది. అయినా అప్పు తీరాల్సిన రైతు అటు వెళ్తే నేను తప్పు పట్టలేను.

అందుకే రైతుకు నీతులు చెప్పడం కంటే కొనే ఏర్పాటు చెయ్యడం ముందు అంటాను. 2025–26కి మినుము మద్దతు ధర క్వింటాలుకు 7,800 రూపాయలు. కంది, మినుము, మసూర్ పప్పులను నాలుగేళ్లపాటు కేంద్ర సంస్థలే కొంటాయని 2025 బడ్జెట్‌లో చెప్పారు. ఆ కొనుగోలు మార్చిలో, పంట కళ్లంలో ఉన్నప్పుడే, ఊరికి దగ్గరలో జరగాలి. రైతు అమ్ముకున్నాక తెరిచిన కేంద్రం ఎవరికి ఉపయోగం? ఆ కొన్న మినుములు గోదాముల్లో ఉండకుండా అంగన్‌వాడీకి, బడి భోజనానికి రావాలి. ఒకవైపు మన పిల్లలకు పప్పు చాలదు, మరోవైపు దేశంలో పండే మినుములు చాలక ఎక్కువగా బర్మా నుంచి తెచ్చుకుంటున్నాం.

తెగులుకు దారి లేకపోలేదు. గుంటూరు దగ్గరి లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎల్‌బీజీ 787, తిరుపతి నుంచి వచ్చిన టీబీజీ 104 పల్లాకు తెగులును తట్టుకునే రకాలు. మిషన్ కోత ఉన్నచోట, కోసిన వెంటనే పదును ఉండగానే విత్తుకోవడం ఒక మార్గం. ఏ పంట వేసినా గట్ల మీద కంది మొక్కలు మాత్రం పెట్టుకోండి. ఇంటి పప్పు ఇంట్లోనే దొరుకుతుంది.

మా తమ్ముడికి మూడెకరాలు. నాలుగేళ్లుగా మొత్తం మొక్కజొన్నే. మొన్న ఫోన్ చేసి, "అక్కా, కాలవ పక్క ఎకరం నువ్వు చెప్పినట్టు మినుము వేస్తాను, మిగతాది నా ఇష్టం" అన్నాడు. సరే అన్నాను. విత్తనాలు తెచ్చి, విత్తనశుద్ధి మందు కూడా కొని పెట్టుకున్నాడు. మిషన్ ఎప్పుడొస్తుందో ఇంకా తేలలేదు. అది వెళ్లిన సాయంత్రమే విత్తాలని ఇద్దరు కూలీలకు ముందే చెప్పి ఉంచాడు. నేనూ ఆ రోజు ఊళ్లోనే ఉంటాను.

సెలవు. నమస్కారం.