నీళ్ల పట్టు సడలితే

శ్రోతలకు నమస్కారం.

సబ్బు నీళ్లలో చెయ్యి పెట్టనివాళ్లు ఉండరు. ఆ నీళ్లలో కంటికి కనిపించని గుంపులు కడుతుంటాయనీ, వాటిని మైసెల్స్ అంటారనీ కొందరు చదువుకునే ఉంటారు. అదే నీళ్లలో ఆల్కహాలో, ఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవమో కలిపితే ఆ గుంపుల గతి ఏమిటన్నది ఇవాళ్టి ముచ్చట.

రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కాబట్టి మీరే ఊహించుకోవాలి. సబ్బు అణువు తోకకప్పలా ఉంటుంది. చిన్న తల, పొడుగాటి తోక. తల నీళ్లలో ఇట్టే కలిసిపోతుంది. తోక నూనె జాతిది, నీళ్లతో దానికి పొసగదు. ఇలాంటివన్నీ సర్ఫాక్టెంట్లు. ఉదాహరణకి, టూత్‌పేస్టుల్లో వాడే సోడియం డోడెసైల్ సల్ఫేట్ తోకలో 12 కర్బన పరమాణువులుంటాయి. దాన్ని కొద్దికొద్దిగా నీళ్లలో వేస్తూ పోతే మొదట ఏ అణువుకా అణువు విడిగా తిరుగుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు 8 మిల్లీమోల్స్, అంటే రెండు గ్రాముల పైచిలుకు, చేరేసరికి కథ మారిపోతుంది. అరవై అణువులు, కాస్త అటూ ఇటూగా, తోకలు లోపలికీ తలలు బయటికీ పెట్టుకుని బంతి కట్టేస్తాయి. ఈ హద్దునే సందిగ్ధ మైసెల్ గాఢత అంటారు. 1913లో మెక్‌బెయిన్ అనే రసాయన శాస్త్రవేత్త సబ్బు అణువులు గుంపులు కడతాయని చెప్పినప్పుడు పండితులకు ఒక పట్టాన మింగుడుపడలేదు.

తోకలకు ఒకదానిమీద ఒకదానికి మక్కువ ఎక్కువని, అందుకే దగ్గరవుతాయని అనుకుంటాం. అంత మక్కువేం లేదు. పంతమంతా నీళ్లది. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో చేతులు చేతులు పట్టుకుని ఉంటాయి. మధ్యలోకి తోక దూరితే, ఆ బంధాలు తెగకుండా దాని చుట్టూ ఒద్దికగా సర్దుకోవాల్సి వస్తుంది, తిరిగే స్వేచ్ఛ పోతుంది. తోకలన్నిటినీ ఒక మూలకు నెట్టేస్తే ఆ బెడద తీరుతుంది. తోక ఎంత పొడుగైతే బెడద అంత ఎక్కువ. విద్యుదావేశమున్న సర్ఫాక్టెంట్లలో తోకకు ఒక్క కర్బనం పెరిగితే చాలు, మైసెల్ కట్టడానికి కావలసిన గాఢత దాదాపు సగానికి పడిపోతుంది.

ఇప్పుడు ఇథిలీన్ గ్లైకాల్ పోద్దాం. అది నీళ్లలో ఎంతైనా కలుస్తుంది, హైడ్రోజన్ బంధాలూ కడుతుంది. అయితే నీటికున్నంత బిగువు దానికి లేదు. తోక వచ్చి దూరినా పెద్దగా ఇబ్బంది పడదు. దాంతో విడిగా తిరిగే అణువులకు బయట కాస్త చోటు దొరుకుతుంది, సందిగ్ధ గాఢత పెరుగుతుంది. కట్టిన బంతులు కూడా చిన్నవవుతాయి. గ్లైకాల్ వంతు పెంచుకుంటూ పోతే బంతులు అసలు కట్టని స్థితి కూడా రావచ్చు. డైమిథైల్ సల్ఫాక్సైడ్, ఎసిటోనైట్రైల్ వంటి ద్రవాలు చేసేదీ ఇదే.

ఇక్కడో చిక్కు ప్రశ్న ఉంది. నాకు ఈ విషయం మీద ఇష్టం పుట్టింది దానివల్లే. ఆవేశాల మధ్య లాగులాటని నీరు బాగా తగ్గిస్తుంది. దాని డైఎలక్ట్రిక్ స్థిరాంకం 78. గ్లైకాల్‌ది 40 లోపు, ఇథనాల్‌ది 24 చిల్లర. స్థిరాంకం తగ్గితే ఒకే ఆవేశమున్న తలలు ఒకదాన్నొకటి మరింత గట్టిగా తోసుకుంటాయి కదా, మైసెల్ చెదిరేది అందుకేనేమో అనిపిస్తుంది. కొంతవరకు నిజమే. కానీ ఫార్మమైడ్ అనే ద్రవం సంగతి చూడండి. దాని స్థిరాంకం 110 దాకా ఉంటుంది, నీటినే మించింది. ఆ లెక్కన అందులో మైసెల్స్ ఇంకా సులువుగా కట్టాలి. కట్టవు! నీళ్లలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ సర్ఫాక్టెంట్ పోయాలి. తలతన్యత చూస్తే గుట్టు తెలుస్తుంది. మీటరుకు మిల్లీన్యూటన్లలో నీటిది 72, ఫార్మమైడ్‌ది 58, గ్లైకాల్‌ది 48, ఇథనాల్‌ది 22. ద్రవంలోని అణువులు తమలో తాము ఎంత గట్టిగా పట్టుకుంటాయన్నదే ఈ అంకె చెప్పేది. తోకల్ని నెట్టే బలం ఆ పట్టులోనే ఉంది.

ఆల్కహాళ్లది మాత్రం రెండు నాల్కల వ్యవహారం. బ్యూటనాల్, పెంటనాల్ లాంటివాటికి తమదంటూ ఓ తోక ఉంది. కొద్దిగా వేస్తే మైసెల్‌లోకే దూరి, తలల మధ్య కూర్చుని, వాటి తోపులాటను తగ్గిస్తాయి. అప్పుడు సందిగ్ధ గాఢత పెరగకపోగా తగ్గుతుంది. ఇథనాల్ కూడా చాలా కొద్ది మోతాదులో ఇలాగే చేస్తుంది. మోతాదు పెరిగాక మాత్రం నీటి స్వభావమే మారిపోయి, గుంపులు విడిపోవడం మొదలవుతుంది. చేతులకు రాసుకునే 60 నుంచి 80 శాతం ఆల్కహాల్ సూక్ష్మజీవుల కొవ్వు పొరను చెదరగొట్టడంలోనూ ఈ సంగతి ఉంది. ఆ పొరని నిలబెట్టేదీ నీటి పంతమే మరి.

ఈ హద్దును కొలవడానికి ఓ పాత పద్ధతి ఉంది. సర్ఫాక్టెంట్ చుక్కచుక్కగా వేస్తూ ద్రావణం విద్యుద్వాహకతను చూస్తారు. మైసెల్స్ తమతోపాటు కొన్ని సోడియం అయాన్లను కట్టిపడేస్తాయి కాబట్టి, అవి పుట్టిన చోట గ్రాఫులో పైకెక్కే గీత జోరు ఒక్కసారిగా తగ్గుతుంది. వట్టి నీళ్లలో ఆ మలుపు మోచెయ్యిలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గ్లైకాల్ పెరిగేకొద్దీ అయాన్లు జారిపోతుంటాయి, మోచెయ్యి కాస్తా విల్లులా వంగుతుంది. అప్పుడు హద్దు ఇదీ అని ఇద్దరు పరిశోధకులు రెండు చోట్ల చుక్క పెట్టినా ఎవరినీ తప్పుపట్టలేం.