గద్ద తిరిగే చోట

అందరికీ నమస్కారం.

పక్షుల్ని చూడటమే పనిగా పెట్టుకున్నవాళ్ల ముందు నిలబడి గద్దల గురించి మాట్లాడటమంటే నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది. మీరు వాటిని కింది నుంచి బైనాక్యులర్స్‌తో చూస్తారు. నేను పక్క నుంచి చూశాను, ఒకటి రెండుసార్లు పై నుంచి కూడా. నా దగ్గరున్న అర్హత అంతే.

ఉద్యోగం కోసం ఆస్ట్రేలియా వెళ్లినప్పుడు న్యూ సౌత్ వేల్స్‌లో, సముద్రానికి దూరంగా గోధుమ పొలాల మధ్య ఉన్న ఒక క్లబ్బులో గ్లైడింగ్ నేర్చుకున్నాను. గ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు. చిన్న విమానమొకటి తాడు కట్టి రెండువేల అడుగుల దాకా లాక్కెళ్లి వదిలేస్తుంది. అక్కణ్నుంచి మన తిప్పలు మనవి. పైకి లేచే గాలి దొరకలేదా, పావుగంటలో మళ్లీ నేల మీద ఉంటాం.

ఆ పైకి లేచే గాలి మీకు తెలియనిదేం కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బీడులో చెత్తా చెదారం లేపుకుంటూ సుడిగాలి తిరుగుతుంది కదా, అదే. దున్నిన నేలా, రాతి గుట్టా పక్కనున్న పచ్చటి చేను కంటే ముందు వేడెక్కుతాయి. వాటి మీది గాలి తేలికై పైకి లేస్తుంది. మేం దాన్ని థర్మల్ అంటాం. సుడిగాలైతే దుమ్ము వల్ల కనబడుతుంది. వెయ్యి అడుగులు దాటాక, పైన మేఘం కట్టేదాకా, సాధారణంగా దుమ్మూ ఉండదు, ఏమీ ఉండదు. ఉంటే గింటే రెక్క కదపకుండా తిరిగే ఒక గద్ద ఉంటుంది. మా అమ్మమ్మ గద్ద తిరుగుతోందంటే కోడిపిల్లల్ని గంప కింద మూసేది. నేను అదే గద్దని వెతుక్కుంటూ వెళ్తాను.

గద్ద అనగానే మీలో ఇద్దరు ముగ్గురు ముఖం చిట్లించారు, చూశాను. నిజమే, మన ఊళ్ల మీద తిరిగేది కైట్ జాతి పక్షి, నేను చెప్పేది ఈగిల్. మన వాడుకలో రెండూ గద్దలే అయిపోయాయి. అక్కడిదాని పేరు వెడ్జ్-టెయిల్డ్ ఈగిల్. తోక చివర కోసుగా ఉంటుంది. అక్కడి పైలట్లంతా ముద్దుగా వెడ్జీ అంటారు. రెక్కలు చాపితే రెండు మీటర్ల పైమాటే, ఆడపక్షి నాలుగైదు కిలోలు తూగుతుంది. వయసు పెరిగేకొద్దీ నల్లబడుతుంది. ఆ దేశంలో వేటాడే పక్షుల్లో అదే పెద్దది.

మొదటిసారి వెడ్జీతో ఒకే థర్మల్‌లో తిరిగినప్పుడు నాకు సిగ్గేసింది. మా గ్లైడర్ రెక్కలు పదిహేను మీటర్లు. గంటకి తొంభై కిలోమీటర్ల కంటే బాగా తగ్గితే తేలదు. ఆ వేగంతో, మామూలుగా వాలి తిరిగితే, వృత్తం వ్యాసార్థం అరవై డెబ్భై మీటర్లు ఉంటుంది. వెడ్జీ నెమ్మదిగా ఎగురుతుంది కాబట్టి పాతిక మీటర్లలో తిరిగేస్తుంది. థర్మల్ నడిమధ్యన గాలి బలంగా ఉంటుంది. అది అక్కడ కూర్చుంటే మేం అంచున ప్రదక్షిణలు చేస్తుంటాం. తిన్నగా వెళ్లేటప్పుడు లెక్క తిరగబడుతుంది. కిలోమీటరు ఎత్తు నుంచి మంచి గ్లైడర్ నలభై కిలోమీటర్లు జారుతుంది. పక్షికి అందులో సగం కూడా కష్టం. అందుకే అది నాకంటే ముందు పైకి చేరేది, నేను దానికంటే ముందు పక్క ఊరికి చేరేవాణ్ని.

ఇంకో తేడా ఉంది. మాకు వేరియోమీటర్ అనే పరికరం ఉంటుంది. పైకి లేస్తుంటే బీప్ బీప్ అంటుంది, దిగుతుంటే ఏడుస్తుంది. పాపం, అది కాస్త ఆలస్యంగా చెబుతుంది. గ్లైడర్ పక్కకి జారుతోందా అని చూడటానికి మేం అద్దం మీద ఊలు దారం ముక్క అతికించుకుంటాం. లక్షల ఖరీదు చేసే యంత్రానికి ఊలు దారం! వెడ్జీకి అవేవీ అక్కర్లేదు. రెక్క చివర ఈకలు వేళ్లలా విడదీసి పెట్టుకుంటుంది. గాలి కొంచెం మారగానే ఆ ఈకలు వంగుతాయి, తోక మెలి తిరుగుతుంది. అద్దంలోంచి అంత దగ్గరగా చూస్తుంటే, ఎగురుతున్నది మనం కాదు, అది మాత్రమే అనిపిస్తుంది.

పాల్ మెక్‌క్రెడీ అనే అమెరికన్ ఉండేవాడు. 1956లో ప్రపంచ గ్లైడింగ్ చాంపియన్. ఒక థర్మల్ నుంచి ఇంకోదానికి ఎంత వేగంతో వెళ్లాలో లెక్క కట్టాడు. ముందు దొరకబోయే థర్మల్ బలమైనదనుకుంటే తొందరగా వెళ్లు, బలహీనమైనదైతే నిదానించు. ఇప్పటికీ మేమంతా ఆ లెక్కతోనే ఎగురుతాం. 2008లో హంగేరీ శాస్త్రవేత్తలు పెరెగ్రిన్ ఫాల్కన్ అనే వేటపక్షి ఒకదానికి జీపీఎస్ తగిలించి చూస్తే, అదీ దాదాపు ఆ లెక్క ప్రకారమే ఎగురుతోందని తేలింది. డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రాయకుండానే.

ఇక మీరంతా ఎదురుచూస్తున్న విషయం: దాడులు.

ఉంటాయి. గ్లైడర్ మీద తక్కువ, పారాగ్లైడర్ మీద ఎక్కువ. పారాగ్లైడర్ అంటే గుడ్డ రెక్క, సన్నని తాళ్లు, గంటకి ముప్పై నలభై కిలోమీటర్ల వేగం. అంటే పక్షి వేగమే. తోటి పక్షిలాగా తిరుగుతూ తన చోటులోకి వచ్చిన ఇంత పెద్ద రంగురంగుల వస్తువుని అది ఏమనుకోవాలి? 2007లో ప్రపంచ పారాగ్లైడింగ్ పోటీలు న్యూ సౌత్ వేల్స్‌లోని మానిల్లా అనే ఊళ్లో జరిగాయి. వాటికి ముందు అక్కడ సాధన చేస్తున్న ఒక బ్రిటిష్ పైలట్ మీద రెండు వెడ్జీలు పడ్డాయి. గుడ్డని గోళ్లతో చీల్చాయి, ఒకటి తాళ్లలో చిక్కుకుంది. రెక్క మూసుకుపోయి ఆవిడ కిందికి పడిపోతుండగా ఆ పక్షి విడిపించుకుంది, ఆవిడ బతికి బయటపడింది.

రావణుడి రథం మీద జటాయువు పడ్డ కథ చిన్నప్పటి నుంచీ వింటున్నవాళ్లం కాబట్టి మనకిది మరీ కొత్త కాదు. కాకపోతే అక్కడ పక్షి పక్షాన న్యాయం ఉంది. ఇక్కడా ఉందనే నా అభిప్రాయం. వెడ్జీ జంట ఒక ఇలాకా పెట్టుకుంటుంది. గూడు కట్టే రోజుల్లో, అంటే వాళ్ల చలికాలం చివరా వసంతమూ, ఇంకో వెడ్జీ వచ్చినా ఊరుకోదు. వచ్చింది డ్రోన్ అయితే మరీ లోకువ. పశ్చిమ ఆస్ట్రేలియాలో బంగారు గనుల సర్వే డ్రోన్లు ఎన్నింటినో ఇవి నేల కూల్చాయి.

అది చాలాసార్లు హఠాత్తుగా మీద పడదు, ముందు చెబుతుంది. ఎత్తు నుంచి రెక్కలు ముడిచి దూకి, మళ్లీ పైకి లేచి, మళ్లీ దూకుతుంది, ఉయ్యాల ఊగినట్టు. లేదా మన పైకి, వెనక్కి చేరుతుంది. నేను నేర్చుకున్న కొత్తలో అది ఆటలాడుతోందని మురిసిపోయేవాణ్ని. నా వెనక సీట్లో ఉన్న శిక్షకుడు మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా గ్లైడర్‌ని నడిపే కర్ర పక్కకి తోసి, అంత మంచి థర్మల్‌నీ వదిలేసి వెళ్లిపోయాడు. ఆ పక్షిని దారి చూపే బాణం గుర్తులాగా చూడటం నేను ఆరోజే మానేశాను. దాని పని మీద అది ఉంది. ఒక్కోసారి ఆ పని గాలి ఎక్కడం, ఒక్కోసారి కాపలా. ఏదో కనిపెట్టుకోవాల్సింది మనం.

ఒకప్పుడు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని ఇవే పక్షుల్ని డబ్బిచ్చి మరీ వేలకి వేలు చంపించారట. మనదేశంలో చంపాలని ఎవరూ అనుకోకుండానే, పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో, ఆ కళేబరాలు తిన్న రాబందులు చాలావరకు పోయాయి. 2006లో ఆ మందు పశువులకి వాడకుండా ఆపేసరికే ఆలస్యమైంది. హిమాచల్‌లో బీర్ బిల్లింగ్‌కి, పైలట్‌తో కలిసి పారాగ్లైడర్ మీద ఎగరడానికి మీ పిల్లలెవరైనా వెళ్తే, పక్కన హిమాలయన్ గ్రిఫన్ అనే రాబందు తిరుగుతుందేమో చూడమనండి. సెల్ఫీ తర్వాత తీసుకోవచ్చు.

చివరగా ఒక మధ్యాహ్నం సంగతి చెప్పి ఆపేస్తాను. ఒంటరిగా దూరప్రయాణం మీదున్నాను. ఒక వెడ్జీ నా థర్మల్‌లోకి వచ్చింది, నాతో నాలుగైదు చుట్లు తిరిగింది. నా వైపు తల తిప్పి చూసింది కూడా. ఉన్నట్టుండి రెక్కలు సరిచేసుకుని పడమటికి వెళ్లిపోయింది. నా వేరియోమీటర్ ఇంకా బీప్ అంటూనే ఉంది కాబట్టి నేను కదల్లేదు. ఇంకా పైకి వెళ్దామని ఆశ. రెండు నిమిషాల్లో థర్మల్ చచ్చిపోయింది. తర్వాత ఎటు తిరిగినా దిగుడే. కోత అయిపోయిన ఒక గోధుమ పొలంలో దిగాను. క్లబ్బు వాళ్లు ట్రెయిలర్ తెచ్చేసరికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ రెక్క నీడలో కూర్చున్నాను. పడమటి వైపు, అది వెళ్లిన చోట, దూదిపింజల్లాంటి మేఘాలు ఒకదాని వెనక ఒకటి కట్టుకుంటూ వెళ్లాయి.