ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ చెకింగ్ వస్తుందా? ముందు కారణం పట్టుకోండి

[తెర మీద: నల్లటి స్క్రీన్, "స్కానింగ్ అండ్ రిపేరింగ్ డ్రైవ్ డి"]

హన్మకొండలో జిరాక్స్ సెంటరైనా, ఎనుమాముల మార్కెట్లో అడ్తి దుకాణమైనా పొద్దున సిస్టమ్ ఆన్ చేయగానే ఈ తెర వస్తే గిరాకీ నిలబడి చూడాల్సిందే. దీన్ని బంద్ చేయొచ్చు. అయితే కారణం చూడకుండా చేస్తే టాలీ డేటాకే ఎసరు.

ఫైల్ సిస్టమ్‌లో, అంటే డ్రైవ్‌లో ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే లెక్కలో, తేడా కనబడితే విండోస్ ఆ డ్రైవ్ మీద ఒక గుర్తు పెడుతుంది. దాని పేరు డర్టీ బిట్. డ్రైవ్‌లోకి డేటా రాస్తుండగా కరెంటు పోయినా, బయటి హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసినా ఆ తేడా రావచ్చు. చెకింగ్ పూర్తయితేనే గుర్తు చెరుగుతుంది. కీ నొక్కి తప్పించుకుంటే అది అట్లనే ఉంటుంది, రేపు మళ్లీ ఇదే తెర.

[తెర మీద: అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్]

సి హెచ్ కె ఎన్ టి ఎఫ్ ఎస్, ఒక స్పేస్, డి, కోలన్. ఎంటర్ కొట్టండి. "డర్టీ" అంటే గుర్తు ఉన్నట్టు, "నాట్ డర్టీ" అంటే లేనట్టు. "షెడ్యూల్డ్ మాన్యువల్లీ" అంటే ఎవరో చెకింగ్ పెట్టి వదిలేశారు.

గుర్తు ఉంటే ముందు డేటా వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. ఇది వాయిదా వేసే పని కాదు: చెడిపోతున్న డిస్క్ మీద రిపేర్ నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. తర్వాత సి హెచ్ కె డి ఎస్ కె, స్పేస్, డి కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్. సి డ్రైవ్‌కైతే రీస్టార్ట్‌లో చేయాలా అని అడుగుతుంది, వై కొట్టండి. మధ్యలో పవర్ బటన్ నొక్కొద్దు.

రెండు రోజులకు గుర్తు మళ్లీ వచ్చిందా? అప్పుడు అనుమానం హార్డ్‌వేర్ మీదే. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సి5, సి6 (చదవలేకపోతున్న భాగాల లెక్క) వరుసల్లో "రా వాల్యూస్" సున్నా దాటితే డిస్క్ మార్చడమే మేలు. సి7 (డేటా పంపడంలో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతూ పోతే తప్పు సాధారణంగా డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడండి, డిస్క్ కొనే ఖర్చు తప్పొచ్చు. కరెంటు కోతలే కారణమైతే యూపీఎస్ బ్యాటరీ చూపించండి.

డిస్క్ బాగుంది, అయినా చెకింగ్ ఆగట్లేదంటే అప్పుడు ఆపే కమాండ్.

[తెర మీద: కమాండ్ పెద్ద అక్షరాల్లో]

సి హెచ్ కె ఎన్ టి ఎఫ్ ఎస్, స్పేస్, స్లాష్ ఎక్స్, స్పేస్, డి కోలన్. ఇ డ్రైవ్ కూడా కావాలంటే అదే లైన్లో పక్కన రాయాలి. విడిగా ఇంకోసారి కొడితే మొదటిది రద్దయిపోతుంది, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇది చెకింగ్‌ను మాత్రమే ఆపుతుంది, గుర్తును చెరపదు.

డిస్క్ మార్చాక పాత పద్ధతికి రావాలంటే ఇదే కమాండ్‌లో స్లాష్ ఎక్స్, డ్రైవ్ పేరు తీసేసి, స్లాష్ డి ఒక్కటి పెట్టి కొట్టండి.