కోసే ముందు కొలవండి, కొలిచాక కట్టేయండి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే తుప్పు గురించి వినడానికి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. పద్మినీలు ఉన్నవాళ్లు, అంబాసిడర్లు ఉన్నవాళ్లు కనిపిస్తున్నారు, వెనక వరసలో కాలేజీ పిల్లలు కూడా ఉన్నారు. నేను మాత్రం నా కారు పట్టుకునే మాట్లాడతాను, ఎందుకంటే నేను చేతులు పెట్టి పని చేసింది దాని మీదే. మీ బండికి ఏది వర్తిస్తుందో మీకే తెలుస్తుంది.

నాది ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1967 నుంచి 1970 వరకు తయారైన రకం, 1296 సీసీ ఇంజిను, రెండే సీట్లు. దీనికి మన దేశంలో దగ్గర చుట్టం ఒకటుంది. 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ చాలామంది చూసే ఉంటారు. రెండింటికీ రూపం ఇచ్చింది ఇటలీకి చెందిన మికెలోట్టి, స్పిట్‌ఫైర్ ఛాసిస్, అంటే బండిని మోసే అడుగు చట్రం, పుట్టింది కూడా హెరాల్డ్ ఛాసిస్ నుంచే. అయితే అసలు తిరకాసు ఇక్కడే ఉంది. హెరాల్డ్ ఛాసిస్‌కి రెండు పక్కలా బాడీని మోసే రైళ్లు, అంటే పొడవాటి ఇనుప దూలాలు, ఉంటాయి. స్పిట్‌ఫైర్‌కి వచ్చేసరికి ఆ పక్క రైళ్లు తీసేశారు, నడుమ వెన్నెముక ఒక్కటే మిగిల్చారు, పక్కల బలమంతా బాడీ సిల్స్ మీద పెట్టారు. సిల్ అంటే తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పెట్టె. పైగా వెనక చక్రాలను పట్టుకునే రేడియస్ ఆర్మ్‌లు ఇందులో ఛాసిస్‌కి కాకుండా నేరుగా బాడీకే బిగిస్తారు. కాబట్టి "ఛాసిస్ వేరే ఉంది కదండీ, బాడీ తుప్పు పడితే అందం పోతుంది, అంతే కదా" అని ఎవరైనా అంటే నమ్మకండి. సిల్ కుళ్లిందంటే బండి నడుం విరిగినట్టే. పద్మిని, అంబాసిడర్‌లకైతే వేరే ఛాసిస్సే లేదు, బాడీయే ఛాసిస్, అక్కడ ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

విశాఖలో తుప్పు ఇంత త్వరగా ఎందుకు పడుతుందో కాస్త అర్థం చేసుకుంటే తర్వాత చేసే పని కుదురుగా ఉంటుంది. సముద్రం గాలిలో ఉప్పు ఉంటుందని అందరికీ తెలుసు. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ గాలిలోంచే నీళ్లు లాక్కుని కరగడం మొదలుపెడుతుంది, వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకా తక్కువ తేమకే తడిసిపోతుంది. అంటే లాసన్స్ బేలోనో ఎంవీపీ కాలనీలోనో షెడ్డులో, చుక్క వాన పడకుండా, కవరు కప్పి పెట్టిన బండి కూడా లోపల తడిగానే ఉంటోంది. సిల్ లోపలికి ఒకసారి ఉప్పు చేరాక దాన్ని కడిగి బయటికి పంపే వాన కూడా అక్కడికి రాదు. అందుకే కోత మొదలెట్టే ముందు నేను చేసే మొదటి పని పైపు పెట్టి సిల్ లోపల, వీల్ ఆర్చిల (చక్రాల మీది వంపు రేకుల) లోపల మంచినీళ్లతో బాగా కడగడం. తుప్పు బండి మీద నీళ్లు పోయడమేంటని చాలామంది కంగారుపడతారు. ఉప్పు వదలకుండా పైన ఏ రసాయనం పూసినా, ఏ పెయింటు కొట్టినా, కింద తుప్పు తన పని తాను చేసుకుంటూనే పోతుంది. కడిగి, గాలి కొట్టి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి.

తర్వాత తుప్పు ఎక్కడిదాకా పాకిందో చూడాలి. పెయింటు మీద కనిపించే బుడగ అసలు తుప్పుకి కొస మాత్రమే. సుత్తి పిడితో సిల్ పొడవునా తట్టుకుంటూ పోండి. బాగున్న రేకు ఖంగుమంటుంది, కుళ్లిన చోట మొద్దు శబ్దం వస్తుంది, లప్పం ఉన్న చోట దాదాపు శబ్దమే రాదు. అనుమానం ఉన్న చోట పాత స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మొహమాటపడకండి. నా బండికి ఇదివరకు ఎవరో పని చేయించారు. కుడివైపు సిల్ చూడ్డానికి నున్నగా, అద్దంలా ఉంది. గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి పెయింటు తీస్తే కింద వేలు మందాన లప్పం, లప్పం కింద కొత్త రేకు, ఆ కొత్త రేకు వెనక పాత కుళ్లిన సిల్ అలాగే ఉంది. కుళ్లినదాని మీదే కొత్తది అతికించేశారు. రెండు రేకుల మధ్య తుప్పు ఉబ్బి, అతుకుల అంచులు పూరీ పొరల్లా విడిపోయాయి. ఇనుము కంటే తుప్పు ఎక్కువ చోటు తీసుకుంటుంది, ఆ ఒత్తిడికి ఫ్యాక్టరీలో చుక్కలు చుక్కలుగా వేసిన స్పాట్ వెల్డింగులు కూడా ఊడిపోతాయి. పాతది కోసి పారేయకుండా పైన కొత్త రేకు వేయడమంత అన్యాయమైన పని ఈ రంగంలో ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం. కొన్నవాడు అది గట్టిగా ఉందనుకుని పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతాడు.

సరే, ఇప్పుడు గ్రైండర్ చేతిలో ఉంది, కోసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. ఈ రోజు నేను చెప్పే వాటిలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. వెల్డింగ్ వారం పది రోజులు కూర్చుంటే చేతికి వచ్చేస్తుంది. బండి ఆకారం ఒకసారి పోతే మళ్లీ రాదు. నా దానిలా టాప్ లేని బండికి తలుపు ఖాళీ దగ్గర పైన ఏమీ ఉండదు, కింద సిల్ ఒక్కటే పట్టుకుని ఉంటుంది. ఆ సిల్ కోశారంటే బండి నడుమ దగ్గర కొంచెం కుంగుతుంది, తలుపు ఖాళీ పైభాగంలో దగ్గరకొస్తుంది, మీకది కంటికి కనిపించదు. అలాగే కొత్త సిల్ వెల్డ్ చేసేస్తే ఆ వంకర శాశ్వతంగా ఉండిపోతుంది. తలుపు పడదు, విండ్‌స్క్రీన్ ఫ్రేము కూర్చోదు, ముందు బోనెట్ ఒక వైపు పైకి లేస్తుంది.

అందుకని బాడీని ఛాసిస్ మీదే బిగించి ఉంచండి. సిల్స్ పని కోసం బాడీ ఊడదీయవద్దు. బండిని సమంగా ఉన్న నేల మీద, బరువు ముందూ వెనకా ఇరుసుల దగ్గర పడేలా స్టాండ్ల మీద పెట్టండి, నడుమ జాకీ మీద నిలబెట్టకండి. తలుపులు వేసి ఉండగానే ఖాళీలు కొలవండి. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి పైన, నడుమ, కింద, ఆ తర్వాత ఒక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా, రెండు వైపులా. ఆ కొలతలు కాగితం మీద కాకుండా తలుపు లోపలి రేకు మీదే మార్కర్‌తో రాసుకోండి, కాగితం ఎక్కడో పోతుంది. తలుపు చుట్టూ సందు నాలుగైదు మిల్లీమీటర్లు, పైనుంచి కిందదాకా ఒకే తీరుగా ఉండాలి. ఇప్పటికే లేకపోతే, అంటే ముందే కుంగిపోయి ఉంటే, కోయకముందే సరిచేయాలి. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య బిళ్లలు పెట్టో తీసో, జాకీతో కొద్దికొద్దిగా ఎత్తో, సందు సమానం చేయండి.

అప్పుడు తలుపు ఊడదీసి, ఒక అంగుళం చదరపు పైపును ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి అడ్డంగా వెల్డ్ చేయాలి లేదా తలుపు కీలు బోల్టుల రంధ్రాలకే బిగించాలి. రెండోది ఐమూలగా. బాడీ గదిలో కుడి నుంచి ఎడమకు ఇంకోటి. మా పక్క వీధిలో డాక్‌యార్డులో వెల్డరుగా రిటైరైన పెద్దాయన ఉన్నారు, ఈ పైపులన్నీ చూసి "కారు బాగు చేస్తన్నావా, పందిరి ఏస్తన్నావా నాన్నా?" అన్నారు. తర్వాత కోసిన సిల్ ముక్క చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, "ఏటిది, రేకా కాగితమా?" అన్నారు. ఓడ పలకల మీద జీవితమంతా పనిచేసిన చెయ్యి ఆయనది, ఈ రేకు మందం మిల్లీమీటరు లోపే.

కోసేటప్పుడు ఒక్క వైపే కోయండి. కుడివైపు పూర్తిగా వెల్డ్ అయ్యి, తలుపు మళ్లీ తగిలించి సందు చూసుకున్నాకే ఎడమవైపు ముట్టుకోవాలి. స్పిట్‌ఫైర్ సిల్‌లో బయటి రేకు, నడుమ బలానికి నిలువు రేకు, లోపలి రేకు ఉంటాయి. బయటిది మాత్రమే మార్చి నడుమది వదిలేస్తే పని సగమే అయినట్టు. సిల్ వెనక కొస వెనక ఫెండర్ కిందికి పోతుంది, అక్కడిదాకా వెళ్లాలంటే ఫెండర్ కింది మూల కొంత కోయక తప్పదు. ఆ మూల వదిలేసినవాళ్లే ఎక్కువ, తుప్పు ఎక్కువగా ఉండేది కూడా అక్కడే.

రేకు గురించి ఒక మాట. మన ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ ఉంది కదా అనుకోవచ్చు, కానీ అక్కడ తయారయ్యేవి కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్ల లాంటివి, కారు రేకు కాదు. కోల్డ్ రోల్డ్ రేకు స్టీలు దుకాణాల్లో అడగండి, బయటి రేకుకి 20 గేజి, నడుమ బలం రేకుకి 18 గేజి (గేజి అంటే మందం కొలత, అంకె తగ్గేకొద్దీ రేకు మందం). జింకు పూత రేకు వద్దు, వెల్డ్ చేస్తే వచ్చే తెల్ల పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వస్తుంది. వంపు ఉన్న బయటి సిల్ ఇంగ్లండు నుంచి తెప్పించుకోవచ్చు, దొరుకుతోంది. నడుమ రేకు మాత్రం రెండు మడతలే కాబట్టి అట్టముక్కతో నమూనా చేసి ఆటోనగర్‌లో బెండింగ్ మెషిన్ ఉన్నచోట ఇస్తే నిమిషాల్లో వంచి ఇస్తారు.

వెల్డింగ్‌కి మిగ్ సెట్, అంటే అతుకు మీదికి గ్యాస్ వదులుతూ తీగతో వెల్డ్ చేసేది, కావాలి, 0.6 మిల్లీమీటర్ల తీగ, 80 శాతం ఆర్గాన్, 20 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. మామూలు రాడ్ వెల్డింగ్ ఈ రేకుని కాల్చి రంధ్రాలు పెట్టేస్తుంది. ఇక్కడ మన ఊరి సమస్య ఇంకోటి. మధ్యాహ్నానికి సముద్రం గాలి మొదలవుతుంది, ఆ గాలికి వెల్డింగ్ గ్యాస్ చెదిరిపోయి అతుకు నిండా చిన్న చిన్న బొక్కలు పడతాయి. ఉక్కపోతగా ఉందని ఫ్యాన్ పెట్టుకున్నా అంతే. పొద్దున్న గాలి లేనప్పుడు చేసుకోండి, లేదా గోడ చాటున చేయండి.

ఎక్కడ రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయో అక్కడ పై రేకుకి ఆరేడు మిల్లీమీటర్ల రంధ్రాలు, ఫ్యాక్టరీ స్పాట్లు ఉన్న చోట్లలోనే వేయండి. రేకుల మధ్య ముఖాలకు వెల్డింగ్‌కి పనికొచ్చే జింకు ప్రైమర్ పలచగా కొట్టండి, క్లాంపులతో సందు లేకుండా నొక్కండి, రంధ్రం నడుమ కింది రేకు మీద మంట మొదలుపెట్టి గుండ్రంగా బయటికి తిప్పండి. కింది రేకు కరిగిందా లేదా అన్నదే ముఖ్యం, పైన బొడిపె అందంగా ఉండి కింద అతుక్కోకపోతే అది ఉట్టి అలంకారం. ముందు పనికిరాని ముక్కల మీద చేసి, ఉలితో విడదీసి చూడండి. రంధ్రం చుట్టూ రేకు చిరగాలి గానీ వెల్డ్ ఊడకూడదు. అంచుకి అంచు కలిపే చోట వరుసగా గీత గీసినట్టు వెల్డ్ చేయకండి, వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. ఇక్కడ ఒక చుక్క, అక్కడ ఒక చుక్క, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్లీ. ఓపిక లేకపోతే ఆ రోజుకి ఆపేసి టీ తాగడానికి వెళ్లండి.

జాగ్రత్తలు. బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. పెట్రోలు ట్యాంకు ఖాళీ చేస్తే చాలదు, ఊడదీసి ఇంకోచోట పెట్టండి, ఖాళీ ట్యాంకులో ఆవిరే ఎక్కువ ప్రమాదం. తడి నేల మీద వెల్డింగ్ సెట్ ముట్టుకోవద్దు. పాత విదేశీ బళ్లకు అతుకుల దగ్గర సీసం నింపి ఉండొచ్చు, దాన్ని గ్రైండర్‌తో రుద్దితే ఆ ధూళి విషం. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డ్ చేస్తే ప్రాణాల మీదికి వచ్చే వాయువు పుడుతుంది, మామూలు థిన్నర్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పక్కన బకెట్టు నీళ్లు, ఇసుక, మీతోపాటు ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి. పని అయ్యాక ఒక గంట అక్కడే ఉండండి, అండర్‌కోటింగ్ (బండి అడుగున పూసిన పూత) వెనక నిప్పు నెమ్మదిగా రాజుకుంటుంది.

రిజిస్ట్రేషన్ సంగతి ఎవరో ముందే అడిగారు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ కింద వస్తుంది, కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరులో వీఏ అక్షరాలు. కానీ బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్ మార్చి ఉండకూడదు. అందుకే కుళ్లినంత మేరకే కోసి, పాత ఆకారంలోనే రేకు వేయండి, ప్రతి దశలోనూ ఫొటోలు తీసి దాచుకోండి.

చివరి పని చాలామంది మర్చిపోయేది. వెల్డింగ్ వేడికి సిల్ లోపలి ప్రైమర్ కాలిపోయి ఉంటుంది, మన గాలికి ఆ బోసి ఇనుము రాత్రికి రాత్రే ఎర్రబడుతుంది. బయటివైపు అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ వేసేయండి, రంగు మాత్రం డిసెంబరు, జనవరి దాకా ఆగి వేసుకుంటే మేలు. లోపలికి పొడవు గొట్టం దూర్చి, కొస నుంచి వెనక్కి లాక్కుంటూ క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం) కొట్టండి, కింది అతుకుల్లోంచి బయటికి కారేదాకా. కారడం ఆగాక సన్న తీగతో నీళ్లు పోయే రంధ్రాలన్నీ మళ్లీ తెరవండి, వ్యాక్స్‌తో మూసుకుపోయి ఉంటాయి. ముందు వైపు నుంచి ఒక చెంబు నీళ్లు పోసి, వెనక రంధ్రంలోంచి వస్తున్నాయో లేదో వంగి చూడండి. ఏడాదికోసారి, అక్టోబరు తుపాన్లు రాకముందే, మళ్లీ అదే గొట్టం, అదే వ్యాక్స్.

ఇక మీ ప్రశ్నలు అడగండి. కోసిన సిల్ ముక్కలు ఈ బల్ల మీద పెట్టాను, తీసుకుని చూడండి, అంచులు వాడిగా ఉన్నాయి, పక్కన గ్లౌజులున్నాయి.